జానెడున్నర

ఫ్యాను కింద చోటు కోసం కొట్టుకోకండి,
రెండూ తిరగవు.
ఆదివారం పూట, నైట్ డ్యూటీ కళ్లతో
సత్యనారాయణపురం మేడ ఎక్కి వచ్చారు, సంతోషం.
మెర్సీ కరుణా, ఆ కిటికీ తియ్యమ్మా,
సగం పాఠం బయటే ఉంది.

గేజి ఎంత?
పదహారు వందల డెబ్భై ఆరు. అందరికీ వచ్చు.
ఉద్యోగం ఇచ్చేటప్పుడు అడిగేది అదే.
పోయేటప్పుడు అడిగేవి వేరే ఉంటాయి.

స్లీపరు కింద కంకర దేనికి?
బరువు పంచడానికి, వాన నీళ్లు దిగడానికి.
బాగా రాశారు. మూడోది వదిలేశారు.
ఎండ పూట పట్టా పక్కకి దూకకుండా
భుజం పట్టుకు కూర్చోబెట్టడానికి.
అంచున పోసే ఆ కంకర పేరు కూడా భుజమే.

ఇప్పుడు లెక్క.
కిలోమీటరు పట్టా,
డిగ్రీకి పదకొండున్నర మిల్లీమీటర్లు సాగాలి.
ముప్ఫై డిగ్రీలు ఎక్కితే?
వీరరాఘవులూ, ఫోను లోపల పెట్టు, చెయ్యి చాపు.
బొటనవేలి నుంచి చిటికెనవేలి దాకా ఒకటి,
మళ్లీ అందులో సగం.
జానెడున్నర.

పాత లైన్లకి అతుకు అతుక్కీ సందుండేది.
ఎండకి సాగేది, రాత్రికి ముడుచుకునేది,
ఆ సందుల చప్పుడుకే బండిలో పిల్లలు నిద్రపోయేవాళ్లు.
ఇప్పుడు సందుల్లేవు, మైళ్లకి మైళ్లు ఒకే వెల్డింగు.
మరి ఆ జానెడున్నర ఎటు పోయినట్టు?
ఎటూ పోలేదు.
ఇనుములోనే కూర్చుంది,
మాట మింగిన మనిషిలా.

మే నెల. ఏడాది చెప్పను.
కృష్ణా కెనాల్ దాటాక, తాడేపల్లి దగ్గర వంపు.
నెల్లాళ్లు బతిమాలితే ఇచ్చిన బ్లాకు,
అదీ మిట్టమధ్యాహ్నం, రెండు గంటలు.
పట్టా మీద థర్మామీటరు పెట్టాను.
యాభై ఎనిమిది.
అంత వేడిలో కంకర ముట్టుకోకూడదని పుస్తకంలో ఉంది.
పుస్తకం నా జేబులో ఉంది.
ఎనిమిదికి నడికట్టు విప్పితే సున్నా అవుతుంది.
రిజిస్టర్లో యాభై అయింది.
పట్టా మీద కాలేదు.

భుజం తవ్వించాను. పని అయిందనిపించాను.
బ్లాకు ఎత్తేశారు, నేను తుమ్మ నీడలో మజ్జిగ తాగుతున్నా.
కీమాన్ నాగుల్‌మీరా ఒక్కడే వెనక ఉండిపోయాడు.
"సార్, లైను ఊపిరి బిగబట్టింది" అన్నాడు.
నాకు అర్థమయ్యేలోపు ఒక్క మూలుగు,
నిద్రలో ఒత్తిగిలినట్టు
పట్టా, స్లీపర్లతో సహా, పక్కకి తిరిగింది.

గుంటూరు పాసింజరు మంగళగిరి వదిలేసింది.

అతని పరుగు గురించి ఏం చెప్పను.
ఆరు వందల మీటర్ల దగ్గర ఎర్ర బ్యానరు.
పన్నెండు వందల దగ్గర మూడు పటాకాలు,
పదేసి మీటర్ల ఎడంలో.
ఆ ఎండలో కూడా ఎడం తప్పలేదు,
తర్వాత నేను టేపు పెట్టి కొలిచాను.
ఒకటి పేలింది. రెండు.
మూడోదానికి నా చేతిలో గ్లాసు లేదు.

బండి ఆగింది.
ముంజలమ్మే ఆమె గంప ఎత్తుకుని పరిగెత్తి
నాలుగు డజన్లు అమ్ముకుంది.
లేటైందని లోపలివాళ్లు రైల్వేని తిట్టుకున్నారు.
అంతే. ఇంకేం జరగలేదు.
మన పనిలో గొప్ప రోజంటే అదే,
ఏం జరగని రోజు.

నాగుల్‌మీరాకి మూడు వందలు రివార్డు.
పరుగులో ఒక చెప్పు పోయింది,
ఆ డబ్బుతో జత కొనుక్కున్నాడు.
సున్నా సంగతి అతనికి తెలుసో లేదో
రిటైరయ్యేదాకా నేను అడగలేదు,
అతను అనలేదు.

సరే, పన్నెండవుతోంది. లేవండి.
థర్మామీటరు తీసుకుని యార్డు దాకా నడుద్దాం.
అంకె ఎంతుంటే అంత పైకి చదవండి,
నేను రాసుకుంటా.
కాదులే.
మెర్సీ, పెన్ను నువ్వు పట్టుకో.